బొటనవేలి గుంట

ఒంటిగంటకి అందరూ భోజనానికి పోతారు, రెండింటికి కంపెనీ పెద్దలొస్తారు, మధ్యలో ఉన్న ఈ గంట మాత్రం నాది. ఇరవై ఆరేళ్ళుగా ఈ హాల్లో ఆ సంగతి అందరికీ తెలుసు, ఎందుకని ఎవరూ అడగరు, పోతూ పోతూ పైదీపాలు ఆర్పేసి తలుపు దగ్గరగా వేసి పోతారు, నేను చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని మడమతో నేలని నెట్టుకుంటూ బండి మూతి కిందికి జారుకుంటాను. బండంటే నిజం బండి కాదు. రోడ్డు మీదికి రాబోయే ప్రతి కారునీ ముందు మట్టితో అసలు సైజులో చేసి చుట్టూ తిరిగి చూసుకుంటారు, ఆ మట్టిపని నాది, అందుకని నాకంటూ ఒక పేరున్నా అందరూ మేస్త్రీ అనే పిలుస్తారు. మైనం కలిసిన గోధుమరంగు మట్టి, పొయ్యిలో వేడెక్కి మెత్తబడ్డప్పుడు అరచేత్తో పట్టించాలి, చల్లారి గట్టిపడ్డాక ఉక్కు బద్దతో పల్చగా గీకాలి, అప్పుడది సుళ్ళు సుళ్ళుగా లేచి ముంజేతుల మీద పడుతుంది. ఆ వాసన ఎన్ని సబ్బులు అరగదీసినా పోదు. "మీరు వీధి మలుపు తిరక్కముందే నాకు తెలిసిపోతుంది" అంటుంది మా ఆవిడ. ఎత్తుగా ఉన్న కిటికీల్లోంచి మధ్యాహ్నపు వెలుతురు ఏటవాలుగా దిగి బానెట్ మీద పడింది, అందులో దుమ్ము తేలుతోంది, ఎక్కడో ఫ్యాన్ ఒకటి ఆపకుండా తిరుగుతోంది, కళ్ళు వాలిపోతున్నాయి గానీ ఇది నిద్ర కాదు. ఆవిడ కట్టిచ్చిన డబ్బా మూత కూడా తియ్యలేదు.

ఈ గంటలో నేను చేసే పని ఒక్కటే, అరనిమిషం పడుతుంది. మూతికి పైపెదవిలాగా ఒక అంచు ఉంటుంది కదా, ఎదురుగా నిలబడితే నా ఎడమచేతి వైపు మూలన, ఆ అంచు మీద, నా బొటనవేలు నొక్కుతాను. అంతే, చిన్న గుంట. నాకు పని నేర్పిన ముసలి మేస్త్రీ చెప్పాడు, "మనం పేరు రాసుకోడానికి ఎవడూ చోటివ్వడురా, వేలైనా పెట్టుకో" అని. ఆయన గుంట వెనక దీపం కింద ఉండేది, ఇంకొకాయనది తలుపు పిడి లోపల. కొలతలు తీసే మెషిన్ వాటిని కూడా బుద్ధిగా కొలుచుకుంటుంది, ఫ్యాక్టరీ అచ్చుల్లోకి ఎక్కిస్తారు, రోడ్డు మీద వేలకొద్దీ బండ్లు మా వేళ్ళని మోసుకుంటూ తిరుగుతాయి, కొన్నవాళ్ళు అదేదో అందం కోసం పెట్టారనుకుంటారు. ఇంత గర్వం ఏ మనిషికి దక్కుతుంది? పదకొండు బండ్లకి పెట్టాను. ఇది పన్నెండోది. చెయ్యెత్తాను, వేలు అంచు దాకా పోయింది, అక్కడే ఆగింది. మట్టి ఇంకా గోరువెచ్చగా ఉంది, నొక్కితే నొక్కుకుంటుంది, ఇంకో ముప్పావు గంటలో గట్టిపడిపోతుంది. వేలు మాత్రం మొరాయిస్తోంది.

గోరువెచ్చగా ఎందుకుందంటే పొద్దున్నే వేడిమట్టి పట్టించి దీని మూతి నాలుగు వేళ్ళ ఎత్తు పైకి లేపాను. నిన్న సాయంత్రం బండ్ల బొమ్మలు గీసే చీఫ్ మేడం వచ్చింది, నాకంటే పదిహేనేళ్ళు చిన్న, మంచి చెయ్యి, గీత గీస్తే వంక పెట్టలేం, కాస్త దూరంగా నిలబడి తల పక్కకి వాల్చి చూసి, "మేస్త్రీ గారూ, దీని మొహం ఇంకా సౌమ్యంగా ఉందండీ. ఎదురుగా వస్తుంటే అవతలివాడు తప్పుకోవాలనిపించాలి. నాలుగు వేళ్ళు లేపుదామా?" అంది. లేపుదామా అంటే లేపమని. నేను లేపాను. ఈ హాల్లోకి వచ్చిన కొత్తలో బానెట్ నా తొడ దగ్గర ఉండేది, చాయ్ గ్లాసు దాని మీద పెట్టి మాట్లాడుకునేవాళ్ళం, తర్వాత నడుము దగ్గరికొచ్చింది, తర్వాత మోచెయ్యి ఆనించేంత ఎత్తుకి, ఏడాదికి ఇంత అని పిల్లలు పెరిగినట్టు పెరిగింది, మేం ముద్దుగా చూస్తూనే ఉన్నాం. ఎవరికీ ఎత్తుగా అనిపించకపోవడానికి కారణం మా బావగారు. బావగారంటే ప్లైవుడ్‌తో కోసిన మనిషి, ఆరడుగులకి పైమాటే, బండి పక్కన నిలబెడితే సైజు తెలుస్తుందని ఎప్పుడో ఎవరో కోసి పెట్టారు. ఎవడో ఆయన భుజాన కోటు తగిలించాడు, ఇంకెవడో టోపీ పెట్టాడు, వచ్చినవాళ్ళల్లా "ఏం బావగారూ, కులాసానా?" అని పలకరించి పోతారు. ఏ బండి పక్కన నిలబెట్టినా ఆయనకి నడుము దాకానే వస్తుంది, ఆయన పక్కన చూస్తే ఏ బండైనా ముచ్చటగానే ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా మా అందరికీ మనిషంటే బావగారే. అదీ మేం చేసిన తప్పు, అంతమంది పనిమంతులం ఉండి ఒక్కడికీ తట్టలేదు.

మా ఇంట్లో మనిషి బావగారు కాదు. చిట్టి. మా ఆవిడకి పుట్టింటివాళ్ళు పెట్టిన ముద్దుపేరు, పొడుగు పెరుగుతుందని చూసి చూసి ఆ పేరే ఉంచేశారు. బట్టలు సరిచేసే దుకాణం ఆవిడది, పొడుగు చేతులు కత్తిరించడం, వదులు నడుములు బిగించడం. ముప్పై ఏళ్ళ కిందట ప్యాంటు తీసుకుని వెళ్ళాను, బల్ల వెనక ఎవరూ లేరు, కత్తెర చప్పుడు మాత్రం వినపడుతోంది, "ఎవరైనా ఉన్నారా?" అని కేకేశాను. "ఉన్నాను. కాస్త కిందికి చూడండి" అంది. వంగి చూస్తే నోటినిండా గుండుసూదులు పెట్టుకుని కూర్చుని నవ్వుతోంది, సూదులు నోట్లో ఉండగా నవ్వకూడదు, ఒకటి పెదవికి గుచ్చుకుంది, ఆ రక్తం బొట్టు తుడుచుకోకుండానే నా ప్యాంటు అంచు మడిచి చూసింది. ఇప్పటికీ కొత్త చొక్కా కొన్నప్పుడల్లా చేతులు కత్తిరించుకుంటూ, "ఇది కుట్టినాయన నన్నెప్పుడూ చూళ్ళేదు పాపం" అంటుంది, కోపం లేకుండా, ఎక్కడో ఉన్న ఒక పెద్దమనిషిని వెనకేసుకొస్తున్నట్టుగా. పెళ్ళయిన మొదటి ఏడాదే నేను ఇల్లంతా కిందికి దించాను. వంటగట్టు కోయించాను, అలమారు దించాను, అద్దం దించాను, తువ్వాలు కొక్కెం, లైటు స్విచ్చి, తలుపు గొళ్ళెం, అన్నీ. చూడ్డానికొచ్చిన మా తమ్ముడు వంటింటి గడప దాటుతూనే కిందికి దించిన అలమారుకి తల కొట్టుకుని, "ఇదేం ఇల్లురా అన్నయ్యా, బొమ్మలిల్లా?" అన్నాడు. నేనా ఇంట్లో పాతికేళ్ళుగా వంగి మొహం కడుక్కుంటున్నాను, నడుం నొప్పి కూడా అలవాటైపోయింది. ఆవిడ మోచెయ్యి ఎక్కడ, భుజం ఎక్కడ, గడ్డం ఎక్కడ, టేపు లేకుండా కళ్ళు మూసుకుని చెప్పగలను. అలాంటి చేతులే పొద్దున్న ఎనిమిదింటికి ఇక్కడికొచ్చి బావగారి కొలత పట్టుకునేవి. ఇంట్లో దించడం, ఇక్కడ లేపడం. ఒక్కరోజైనా ఈ రెండు చేతులూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు.

ఆ రోజు సన్నగా వాన పడుతోంది. ఏడాది దాటి రెండు నెలలైంది. సిగ్నల్ దగ్గర బండ్లన్నీ ఆగి ఉన్నాయి, చిట్టి తెల్లగీతల మీద నడుస్తోంది, చంకలో బట్టల మూట, మధ్యలో ఉండగా దీపం మారింది, ముందున్న పెద్దబండి కదిలింది. వేగం లేదు, హారన్ లేదు, బ్రేకు చప్పుడు లేదు, మనిషి నడిచే నడక ఎంతో అంతే కదిలింది. ఆవిడ దానివైపు తిరిగి చెయ్యెత్తిందట. నేను వెళ్ళేసరికి డ్రైవరు ఆస్పత్రి వరండాలో గోడకి చేరగిలబడి ఏడుస్తున్నాడు, చేతిలో మా ఆవిడ చెప్పు ఒకటి పట్టుకుని, ఎవరికివ్వాలో తెలీక. నన్ను చూసి లేచి, "ఎదురుగా ఎవరూ లేరండీ. నా పిల్లల మీద ఒట్టు. ఎదురుగా ఎవరూ లేరు" అన్నాడు. నేను అతన్ని తిట్టాలి. నాలుగు మాటలు అందామనే వెళ్ళాను. చెప్పు మాత్రం తీసుకుని వచ్చేశాను, ఎందుకంటే అతను చెప్పేది నిజమని నాకంటే బాగా తెలిసినవాడు ఆ వరండాలో లేడు. మా పక్క హాల్లో బండ్లని బొమ్మలకి గుద్ది చూసే మిత్రుడొకడున్నాడు, వాడు ఎప్పుడో చాయ్ తాగుతూ అన్నాడు, "కాళ్ళకి తగిలితే మనిషి బానెట్ మీదికొస్తాడ్రా. గుండెకి తగిలితే కిందికి పోతాడు. మీరేమో అందం అందం అని గుండె దాకా తెచ్చారు" అని. నేను నవ్వేశాను. ఇంకో చాయ్ కూడా పోయించాను వాడికి. చిట్టి కిందికే పోయింది. బండి అక్కడికి ఆగబట్టి సరిపోయింది, చక్రం మూట మీదికి ఎక్కింది గానీ ఆవిడ మీదికి ఎక్కలేదు, ఎవరివో నాలుగు చొక్కాలు చచ్చాయి అని తర్వాత తనే నవ్వింది. భుజం ఎముక విరిగింది, పక్కటెముకలు రెండు. ఎడమచెయ్యి ఇప్పటికీ భుజం దాటి పైకి లేవదు. అన్నీ దించి పెట్టిన ఇంట్లో కూడా పై అరలో గిన్నెకి నన్ను పిలుస్తుంది.

మూడో రోజు కట్టు విప్పి మందు రాయమన్నారు. నర్సు పనిమీద ఉంది, నేను రాస్తానన్నాను. ఎడమ భుజం ఎముక కింద నల్లగా కమిలిన గీత, అడ్డంగా, జానెడు పొడుగు, తిన్నగా పోయి చివర కొద్దిగా పైకి వంపు తిరిగింది. ఆ వంపు నాకు తెలుసు. ఆ వంపు కోసం పదిరోజులు గీకాను, చీఫ్ కాకముందు ఈ మేడమే పక్కన నిలబడి ఇంకొంచెం ఇంకొంచెం అని గీకించింది. నా కళ్ళు నన్ను మోసం చేస్తున్నాయేమో అనుకున్నాను. ఊళ్ళో ఇన్ని కంపెనీల బండ్లుంటే ఇదే ఎందుకవుతుంది, అయినా కమిలిన చర్మం మీద గీతలు ఎలాగైనా పడొచ్చు అని సర్దిచెప్పుకున్నాను. వంపు మొదలయ్యే చోట నలుపు కాస్త తెగింది. బొటనవేలంత మేర చర్మం మామూలుగా, దెబ్బే తగలనట్టు, తెల్లగా ఉంది. అంచంతా తగిలింది, గుంట ఉన్నచోట మాత్రం తగల్లేదు. వేలికి మందు అద్దుకుని అక్కడ పెట్టాను. సరిగ్గా సరిపోయింది. మంచం పట్టీ పట్టుకున్నాను. "అక్కడ నొప్పి లేదులెండి. ఆ పక్కన రాయండి" అంది చిట్టి కిటికీలోకి చూస్తూ. పక్కన రాశాను. చెప్పలేదు. ఆ రోజు చెప్పలేదు, ఇంటికొచ్చాక చెప్పలేదు, గీత పచ్చబడి పసుపుబడి మాయమయ్యేదాకా రోజూ పొద్దున మందు రాస్తూ చెప్పలేదు, అది పోయాక ఇంకేం చెప్తాం అనుకున్నాను, సాక్ష్యం పోయిన దొంగలాగా ఊపిరి పీల్చుకున్నాను, సిగ్గులేకుండా.

వెలుతురు జరిగింది. ఇప్పుడు నా మొహం మీద పడుతోంది, రెప్పల వెనక అంతా ఎర్రగా ఉంది, ఆ ఎరుపులో చిట్టి చెయ్యి కనిపిస్తోంది, నా చేతిలో ఉన్న చెయ్యి. అది ఏ సంవత్సరం? ఆ బండి కొత్తగా రోడ్ల మీదికొచ్చిన ఏడాది. ఇద్దరం సాయంత్రం నడిచి వస్తున్నాం, మా వీధిలో ఎవరిదో ఆగి ఉంది, నేను ఆగలేక ఆవిడ చెయ్యి లాక్కుని బొటనవేలు ఆ అంచు మీద పెట్టించాను. "ఏముంది?" అన్నాను. "గుంట." "ఎవరిది?" తడిమి తడిమి చూసి, నా వేలు పట్టుకుని అందులో పెట్టి చూసి, "అమ్మో! మీదే!" అని చిన్నపిల్లలా గెంతింది. అవతల బాల్కనీలోంచి బండిగలాయన కేకలేస్తే ఇద్దరం పరిగెత్తాం. ఈ సంగతి నేను మర్చిపోలేదు, మర్చిపోయినట్టు నటించాను, నా ముందే నటించాను. గుంట సంగతి ఆవిడకి తెలుసు. మరి కిందటి నెల కిటికీలోంచి నేను చూసిందేమిటి? అదే వీధి, అలాంటిదే ఒక బండి, చిట్టి దుకాణం నుంచి వస్తూ దాని ముందు ఆగింది. ఎత్తలేని ఎడమచేతిని కుడిచేత్తో మోచెయ్యి దగ్గర పట్టి ఎత్తుకుని ఆ మూలన వేలు పెట్టింది.  తర్వాత కుడిచేత్తో భుజం కింద తడుముకుంది. లోపలికొచ్చి చెప్పులు విప్పి, "చాయ్ పెట్టనా?" అంది. "పెట్టు" అన్నాను. తాగాం. మా ఇద్దరికీ తెలుసు, రెండోవాళ్ళకి తెలీదని ఇద్దరం నటిస్తున్నాం, నేను నన్ను కాపాడుకోడానికి, ఆవిడా నన్నే కాపాడ్డానికి. ఇప్పుడావిడ సిగ్నల్ దగ్గర దాటదు, చుట్టూ తిరిగి మెట్లవంతెన ఎక్కి వస్తుంది, అరగంట ఎక్కువ నడుస్తుంది. నేను మాత్రం పొద్దున్న నాలుగు వేళ్ళు లేపాను. ఆ బండి ఎత్తుకి భుజం ఎముక కింద, నిన్నటిదాకా ఇదీ అంతే ఎత్తు. నాలుగు వేళ్ళు పైకి జరిపితే ఎక్కడ? కళ్ళు మూసుకుని చెప్పగలనన్నాను కదా. గొంతు.

వేలు దించేశాను. పలకతో సహా బయటికి జారి లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మాయి, మూతి పట్టుకుని నిలదొక్కుకున్నాను, అది నిజంగానే పట్టుకోడానికి వీలుగా చాలా ఎత్తున ఉంది. పొయ్యి గదిలో మట్టి దిమ్మలొచ్చిన అట్టపెట్టెలున్నాయి, పెద్దది చూసి విప్పి నేల మీద పరిచాను. టేపు తియ్యలేదు. వంటగట్టు ఎత్తు నా నడుముకి ఎక్కడ తగులుతుందో తెలుసు, అది ఆవిడ మోచెయ్యి. అద్దం మీద బొట్టు మరక ఎక్కడ ఉంటుందో తెలుసు, అది నుదురు. మందు రాసేటప్పుడు నా ముంజెయ్యి ఎంత వంగేదో తెలుసు, అది భుజం. పెన్సిల్‌తో గీసి కత్తితో కోస్తుంటే ఎక్కడా చెయ్యి తడబడలేదు, ముప్పై ఏళ్ళ నుంచి కోస్తున్నట్టే ఉంది. చెవి పక్కన కొప్పు కూడా వచ్చింది. వెనక కర్ర ఆనించి నిలబెట్టాను. చుట్టూ దుమ్ము, వెలుతురు, అట్టమనిషి, నేను. "కాస్త కిందికి చూడండి" అన్నట్టే ఉంది. ఒక్కసారిగా ఏడుపొచ్చింది, మట్టి చేతుల్తో తుడుచుకున్నాను. అప్పుడు బావగారి కోటు విప్పాను, టోపీ తీశాను, "ఇక నడుం వాల్చండి బావగారూ, చాలాసేపు నిలబడ్డారు" అని ఆయన్ని గోడవారగా పడుకోబెట్టాను. చిట్టిని బండికి ఎదురుగా రెండడుగుల దూరంలో, నేల మీద కొలతల కోసం గీసిన తెల్లగీత మీద నిలబెట్టాను, మొహం బండివైపు.

రెండయింది. తలుపు తెరుచుకుంది, పైదీపాలు వెలిగాయి, కల చెదిరినట్టు హాలంతా ఒక్కసారి గట్టిపడింది. చీఫ్ మేడం ముందు, వెనక ఐదారుగురు పెద్దలు, వాళ్ళంతా బండికి వెనకవైపున్న హాలు తలుపులోంచి వస్తారు కనక ముందు ఏముందో కనపడదు. ఈ నమూనాకి లోపల డొల్ల చేసి నిజం సీటు, స్టీరింగు బిగించాం, పెద్దలు ఎక్కి కూర్చుని చూడ్డానికి. చీఫ్ ఎప్పుడూ చెప్పులు విప్పి ఎక్కుతుంది, నా మట్టి మీద అంత గౌరవం. ఎక్కింది, సర్దుకుంది, స్టీరింగు మీద చేతులేసింది. "అబ్బ! భలే వచ్చింది మేస్త్రీ గారూ. ఎక్కగానే రాజ్యం మనదే అనిపిస్తోంది." తర్వాత అటూ ఇటూ చూసి, "బావగారేరీ? తీసేశారా? ఎదురుగా ఎవరూ లేరే?" అంది.

వరండా, చెప్పు, ఆ మనిషి ఏడుపు. అవే మాటలు.

"ఉందమ్మా. ఎదురుగానే ఉంది."

"ఎవరు?"

"మా ఆవిడ."

ఆ అమ్మాయి నవ్వబోయింది. నా మొహం చూసి ఆపేసింది. సీట్లో ముందుకి జరిగింది, మెడ సాచింది, ఇటు వంగింది, అటు వంగింది. పక్కనున్న పెద్దాయనొకడు ముందుకి వెళ్ళి చూసి, అడుగు వెనక్కి వేసి, కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. చీఫ్‌కి అర్థమైంది. మా ఆవిడకి దెబ్బ తగిలిందని హాల్లో అందరికీ తెలుసు, ఆస్పత్రికి పళ్ళు పంపింది కూడా ఈ అమ్మాయే. ఏ బండో ఎవరికీ తెలీదు. స్టీరింగు మీద చేతులు మెల్లగా ఒళ్ళోకి దించుకుంది.

"ఎంత తియ్యాలి మేస్త్రీ గారూ?" అంది, చాలా చిన్నగా.

కాయితాల మీద ఎంతని రాసుకోవాలో నాకు తెలీదు, అది చెప్పే చదువు నాకు లేదు. బల్ల మీది ఉక్కు బద్ద తీసుకుని మూతి ముందుకి నడిచాను, చిట్టికి అడ్డం రాకుండా పక్కన, భుజం తగిలేంత దగ్గరగా నిలబడ్డాను.

"మీరు దిగకండమ్మా, అక్కడే కూర్చోండి" అన్నాను. "నేను గీకుతుంటాను. మా ఆవిడ కనపడగానే చెప్పండి."

మట్టి పూర్తిగా గట్టిపడింది, బద్దకి బాగా లొంగుతోంది. సుళ్ళు సుళ్ళుగా లేచి నా పాదాల మీద, పక్కన అట్టమనిషి పాదాల మీద పడుతోంది. లోపలి నుంచి ఇంకా మాట రాలేదు.